మావ కట్టిన కొండమూట

శివరాత్రి దగ్గరపడితే పలాస స్టేషన్లో దిగే ప్రతి మనిషివీ నేను ముందు కాళ్ళు చూస్తాను. మొహం తర్వాత. మహేంద్రగిరి ఎక్కడానికి వచ్చే జనం సంచులూ, చెంబులూ, చంకబిడ్డలూ వేసుకుని దిగుతుంటారు. మడమలు బీటలువారినవాళ్ళు, బొటనవేలి గోరు లోపలికి పెరిగినవాళ్ళు, కొండ కోసమని కొత్త చెప్పులు కొనుక్కుని మురిసిపోయేవాళ్ళు. వీళ్ళలో ఎవరు మందస దాటకుండానే కూలబడతారో నాకు తెలిసిపోతుంది. ఇదేమీ ట్రైనింగు స్కూల్లో నేర్చిన విద్య కాదు. ఉద్దానంలో పీచు తాళ్ళు పేనుకుని బతికిన ఒక ముసలాయన దగ్గర అబ్బింది.

ఈ ఏడు కూడా అలాగే నిలబడి చూస్తున్నాను. కవిటి వైపు నుంచి కొబ్బరికాయలు తోలుకొచ్చిన బండివాడొకడు నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చాడు. మీ మావ పోయాడు పంతులుగారూ, ఎల్లుండే పెద్దకర్మ అన్నాడు. మావ అంటే నాకు మేనమామా కాదు, పిల్లనిచ్చిన మామా కాదు. మా వైపు కాస్త తల నెరిసిన మగవాడు ఎవడైనా మావే. అయినా బండివాడు మీ మావ అనగానే ఎవరని నేను అడగలేదు. నాకు తోచినవాడు ఒక్కడే. ఆయన పేరు మాత్రం ఇక్కడ రాయను. ఆ పేరుకి నా చేతిమీదుగా జరిగిన మర్యాద చాలు.

మనిషి పొట్టి. నడుముకి ఎప్పుడూ పీచు దుమ్మే. ముక్కుపొడి అలవాటు ఎంతంటే, పక్కనే జీడిపిక్కలు కాలుస్తున్నా ఆయనకి వాసన తెలిసేది కాదు. ఊరంతా ముక్కులు మూసుకుని పారిపోతుంటే తను మాత్రం అక్కడే కూర్చుని తాడు పేనుతూ, ఏటర్రా ఆ పరుగులు అని అడిగేవాడు. అరచేతులు చెక్కలు. నానిన కొబ్బరి డొక్కల్ని కర్రతో బాది, పీచు తీసి, పురి ఎక్కించి, నలభై యాభై ఏళ్ళు అదే పని. ఉడుకుతున్న కుండని గుడ్డ లేకుండా దించేవాడు. నా సేతులకి ఏడీ తెల్దు, సలవా తెల్దు అని నవ్వేవాడు.

ఆయన పేరు చుట్టుపక్కల ఊళ్ళలో తెలిసింది తాళ్ళ వల్ల కాదు, కొండమూట వల్ల. కొండకి పోయే గుంపుకి దారిలో అక్కరకొచ్చే మందులన్నీ ఒక మూటగా కట్టి, ఆ మూట తనే మోసుకుంటూ కూడా వెళ్ళేవాడు. వారం ముందే పీచు కుప్ప మీద కూర్చుని కొలువు తీర్చేవాడు. ఎవరొచ్చినా ముందు కాలు చాపమనేవాడు. మోతుబరి అయినా సరే, గుమ్మంలో, నాడా కొట్టేవాడి ముందు గుర్రం నిలబడ్డట్టు నిలబడి, కాలెత్తి పాదం చూపించాల్సిందే. ఆయన వేలితో నొక్కి, గోళ్ళ మధ్య చూసి, ఎల్లు, లేకపోతే ఈయేడొద్దు అనేవాడు. దేవుడి దగ్గరికి వెళ్ళడానికి నీ సెలవేమిటని ఎవరైనా గొణిగితే, దేవుడు నీ మొకం సూత్తాడు, కొండ నీ కాళ్ళు సూత్తాది అనేవాడు. అక్కడితో ఆ మాట ఆఖరు.

మూట కట్టడం చూసి తీరాలి. కొత్త గుడ్డ పనికిరాదు, అది పుండుని కొరుకుద్ది అని, పాలిచ్చే తల్లులున్న ఇళ్ళకి వెళ్ళి ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరముక్కలు అడిగి తెచ్చేవాడు. చూరు కింద సాలెగూడు నెమ్మదిగా తీసి తాటాకు బుట్టలో పెట్టేవాడు. అది తెగిన గాయానికి. పీచు కాల్చిన మసి, పసుపు, పటిక, శొంఠి, వాము, జలగలకి ఉప్పూ పొగాకూ, ముళ్ళు తీయడానికి కంసాలి దగ్గర అడిగి తెచ్చుకున్న చిన్న పట్టకారు. ఇక రెండు వెదురు గొట్టాలు. ఒకదాన్లో కొబ్బరినూనెలో ఆకులు కాచి వడగట్టిన పసరు నూనె. అది కాలిన చోట రాయడానికి. రెండోదాన్లో జీడిపిక్కల పెంకు నుంచి తీసిన జీడినూనె. మడమ పగుళ్ళలో చుక్క వేస్తే పగులు మూసుకుపోయి మనిషి నడుస్తాడు. కాని అదే నూనె మెత్తని చర్మానికి తగిలిందా, బొబ్బలెక్కి ఊడొస్తుంది. రెండూ చూడ్డానికి నల్లగానే ఉంటాయి.

మూట కట్టేటప్పుడు రోగం పేరు ఎవరూ పైకి అనకూడదు. పేరు పెడితే పిలిచినట్టే అని ఆయన పట్టు. వాంతులూ విరేచనాలూ అనకుండా 'పరుగు' అనేవాడు. జ్వరం 'దుప్పటి'. మిగతా లోకమంతా పాముని తాడు అంటుంది గాని, తాళ్ళు పేనే మనిషి కనక ఆయన ఆ మాట వాడలేక 'పొడుగాయన' అనేవాడు. మరి ఏ పొట్లం ఏమిటో ఎలా తెలుస్తుంది? పీచు దారం ముడులే గుర్తు. పరుగుకి ఒక ముడి, దుప్పటికి రెండు, గాయానికి మూడు. పసరు గొట్టానికి సన్నదారం చుట్టేవాడు. జీడినూనె గొట్టానికి ముతక తాడు జడలా అల్లి కట్టేవాడు, ముట్టుకుంటే గుచ్చుకునేలాగ. కళ్ళు మూసుకుని మూటలో చెయ్యి పెట్టినా ఏది కావాలో అది చేతికి వచ్చేది.

ఇంకో విచిత్రం చెప్పాలి. ఇన్నేళ్ళు కొండకి వెళ్ళినా ఆయన శిఖరం ఎక్కలేదు, గుడి చూడలేదు. ఆఖరి ఎక్కుడు మొదలయ్యే చోట ఒక కొండగెడ్డ పారుతుంటుంది. అక్కడ రాతి మీద మూట పెట్టుకుని కూర్చునేవాడు. దెబ్బ తగిలినవాడు ఎటూ కిందికే వస్తాడు కదా, నేను పైనుంటే ఎలగ అనేవాడు. దర్శనం అక్కర్లేదా మావా అంటే, మూట ఇప్పకుండా ఇంటికొత్తే అదే దర్శనం అనేవాడు. అలా ముడి విప్పని మూటతో ఊళ్ళోకి వచ్చిన ఏడు ఆయన మొహం పెళ్ళికొడుకు మొహమే.

నేను ఆ ఊరు వెళ్ళేసరికి నాకు ఇరవై రెండేళ్ళు. టెక్కలి దగ్గర భూమీ పుట్రా ఉన్న ఇంట్లో పుట్టి, ట్రైనింగు ముగించి, తాటాకు పాకలో కొత్తగా పెట్టిన బడికి పంతుల్ని అయ్యాను. అప్పటికింకా మనది గంజాం జిల్లా. పట్టుమని పదిమంది పిల్లలు లేరు, గర్వం మాత్రం బస్తాడు. శుభ్రత మీద నాకు పాఠాలన్నీ కంఠతా వచ్చు. మావ నన్ను మొదటి రోజే అల్లుడా అని పిలిచి, కాళ్ళు చూసి, సదువుకున్న కాళ్ళు, పెరుగన్నం కాళ్ళు అని వెక్కిరించాడు. నాకు ఆయన మీద ఇష్టం కలిగింది. ఇష్టమున్న చోటే మనం వేలు పెడతాం. అక్కడికి వెళ్ళాక వచ్చిన రెండో శివరాత్రికి మూట నేను బాగుచేస్తానన్నాను.

బాగుచేయడమంటే ఏమిటంటే, పీచు ముడులన్నీ కత్తిరించి అవతల పారేశాను. పొట్లాలు తెల్లకాగితాల్లో కట్టి పైన సిరాతో పేర్లు రాశాను. వెదురు గొట్టాలు మురికి అన్నాను. టెక్కలిలో ఒక కాంపౌండరుని బతిమాలి రెండు నీలిసీసాలు తెచ్చాను. రెండూ ఒక్కటే సైజు, ఒక్కటే బిరడా. వాటిలో నూనెలు పోసి, ఒకదాని మీద 'మడమలకు' అనీ, ఒకదాని మీద 'కాలిన పుండుకు' అనీ కాగితాలు అంటించాను. అందంగా ఉన్నాయి. ఇప్పటికీ ఒప్పుకుంటాను, చాలా అందంగా ఉన్నాయి.

మావ పక్కన కూర్చుని అంతా చూశాడు. ఆయనకి అక్షరం రాదు. అక్షరమంటే భయభక్తులు మాత్రం జాస్తి. చాలాసేపటికి నెమ్మదిగా అడిగాడు.

"పేరు రాత్తే పిలిసినట్టు కాదేటి అల్లుడా?"

నేను నవ్వాను. అవన్నీ పాతకాలపు మాటలన్నాను.

"మరి నాను సదవలేను కదా."

"నేను నీ పక్కనే ఉంటాను కదా మావా. గెడ్డ దగ్గర నీతోనే కూర్చుంటాను. ఎక్కడికి పోతాను?"

ఆయన తలూపాడు. నేను మాటిచ్చాను, ఆయన నమ్మాడు.

ఆ ఏడు మేం పన్నెండు మందిమి. రెండో రోజు పొద్దున్నే గెడ్డ దగ్గరికి చేరాం. మావ వీధిలోకి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకతె మాతో ఉంది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. తాడు పేనడంలో దాని చేతివాటం చూసి మావే మెచ్చుకునేవాడు. దారిలో దాని పాదం ఒరుసుకుపోయింది. ఇక ఎక్కొద్దమ్మా, ఇక్కడే వంట చూడు అని మావ ఆపేశాడు. దాని మొగుడు పైకి పోయాడు. ఒక ముసలమ్మ తోడుంది. నేను కూడా మాట ప్రకారం అక్కడే ఉండాలి.

ఉండలేదు. పైనుంచి సముద్రం కనిపిస్తుందని ఎవరో అన్నారు. కాస్సేపట్లో దిగివచ్చేస్తాను మావా అన్నాను. ఆయన మూట వంక చూశాడు, నా వంక చూశాడు, సరే ఎల్లిరా అన్నాడు. పరుగున ఎక్కాను. భీముడి గుడి అంటారే, ఆ రాళ్ళ మధ్య నిలబడితే మంచు విడిపోయి, దూరంగా ఉద్దానం పచ్చని గీతలాగా, దాని అవతల సముద్రం. అంత సంతోషం నాకు ఆ తర్వాత ఎప్పుడూ కలగలేదు. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే సరిగ్గా ఆ వేళకే కింద అంతా జరిగిపోయింది.

ఏం జరిగిందో ముసలమ్మ తర్వాత చెప్పింది. పొయ్యిరాయి ఒకటి జారి, ఉడుకుతున్న అన్నం కుండ ఒరిగి, ఆ పిల్ల కుడిచెయ్యి మోచేతి నుంచి వేళ్ళ దాకా కాలిపోయింది. మావ ముందు చేతిని గెడ్డ నీళ్ళలో పెట్టించాడు. తర్వాత మూట విప్పాడు. రెండు నీలిసీసాలు. తిప్పి చూశాడు. అక్కడున్న ముగ్గురిలో ఎవరికీ అక్షరం రాదు. బిరడా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఆ ముక్కుకి ఏం తెలుస్తుంది? కొండవైపు తిరిగి అల్లుడా అల్లుడా అని కేకేశాడట, నాలుగైదు సార్లు. నాకు వినపడలేదు. చివరికి ఒక సీసాలోంచి రెండు చుక్కలు తన అరచేతిలో వేసుకుని రుద్ది చూశాడు. మండలేదు. ఆ చేతులకి ఏది మండుతుంది గనక? ఇదే పసరు నూనె అనుకుని పిల్ల చేతి నిండా పోశాడు.

నేను దిగేసరికి చెయ్యి మళ్ళీ నీళ్ళలో ఉంది. అది చెయ్యిలా లేదు. పిల్ల అరవడం కూడా మానేసి మూలుగుతోంది. మావ నన్ను చూసి లేచొచ్చి, సీసా నా చేతిలో పెట్టాడు.

"దీని మీద ఏటి రాసినావు అల్లుడా?"

చదివాను, 'మడమలకు' అని ఉంది. పైకి చదవలేదు. సీసా జేబులో వేసుకున్నాను. ఇంతలో నా వెనక దిగినవాళ్ళు మూగారు, పిల్ల మొగుడు ఏమైందని గోలపెడుతున్నాడు. అందరూ పంతుల్ని కనక నా మొహం వంకే చూశారు. అప్పుడు నా నోటి నుంచి ఒక మాట వచ్చింది.

"ముసలాయన కంగారులో ఒక సీసాకి ఇంకో సీసా తీసినట్టున్నాడు."

మావ నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అని తేల్చుకునేవాణ్ణి. అందరికీ వినపడేలాగ, "అవును, కళ్ళు కనపళ్ళేదు" అన్నాడు.

పిల్లని మోసుకుని దిగాం. ఆస్పత్రిలో ప్రాణానికి భయం లేదన్నారు. చెయ్యి మానింది గాని, మూడు వేళ్ళు ముడుచుకుని అరచేతికి అతుక్కుపోయాయి. మళ్ళీ ఆ చేత్తో తాడు పేనలేదు. ముసలోడికి కళ్ళు పోయాయి, ఆడదాని చెయ్యి పాడుచేశాడు అని ఊరు అనుకుంది. తర్వాతి శివరాత్రికి ఎవరూ ఆయన ముందు కాలు చాపలేదు. ఆయన పీచు కుప్ప మీద కూర్చునే ఉన్నాడు, కొండకి పోయేవాళ్ళు ఆ వీధిలోంచే పోయారు. తలొంచుకుని పురి తిప్పుతూ, వాళ్ళ కాళ్ళు మాత్రం చూశాడు. నేను బడి పాకలోంచి చూశాను. మావ మూట మళ్ళీ కట్టలేదు.

నిజం చెప్తే బడి మూతపడుతుంది, పిల్లల్ని పంపరు అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అది కబుర్లు. సిగ్గు, అంతే. ఇరవై మూడేళ్ళవాడికి పదిమందిలో తప్పు నాదనడం కంటే ఒక ముసలివాణ్ణి గుడ్డివాణ్ణి చేయడం తేలికగా తోచింది. అక్కడున్న ఇంకో రెండేళ్ళూ, తర్వాత టెక్కలికి బదిలీ అయ్యాక ఎప్పుడైనా ఆ వైపు వెళ్ళినప్పుడూ, మావ నన్ను చూస్తే పని ఆపేవాడు. కూకో అల్లుడా అనేవాడు. పని ఉంది మావా అనేవాణ్ణి. నాకెప్పుడూ పనే. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూర్చోలేదు. ఒక్కసారి కూర్చుంటే ఏం పోయేది నాకు?

పెద్దకర్మకి వెళ్ళాను. వాకిట్లో పందిరి కింద భోజనాలకు బంతి వేస్తున్నారు. చెయ్యి కాలిన ఆనాటి పిల్ల కనిపించింది. నలభై దగ్గరపడ్డాయి. ఎడంచేత్తో నీళ్ళ చెంబు పట్టుకుని, కుడిచెయ్యి కొంగులో దాచుకుని తిరుగుతోంది. కష్టకాలంలో ముసలాయనకి ఇంత గంజి పోసింది ఆమేనని బండివాడు చెప్పాడు. పక్కకి పిలిచి, అమ్మా నీతో ఒక మాట చెప్పాలి అన్నాను. ముడులు తీసేసి ఆ సీసాలు పెట్టింది నేను, చదివిపెడతానని మాటిచ్చి కొండ మీదికి పోయింది నేను, ఆయన కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి అని ఎలాగో చెప్పేశాను.

ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు బాబూ. ఆ సాయంత్రమే సెప్పినాడు. సెయ్యి నీది గనక నీకు తెలియాల అన్నాడు. పంతులు కుర్రోడు, అంతమందిలో బెదిరిపోనాడు, తనే వొచ్చి సెప్తాడు, అప్పటిదాకా నువ్వు ఎవుళితోనూ అనకు అన్నాడు."

ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదా అని అడిగాను.

"నాను అన్లేదు. నీ కోసం ఇద్దరం సూసినాం. మంచాన పడ్డాక కూడా, పంతులొచ్చినాడేటే అని అడిగీవోడు."

నన్ను క్షమించమని ఆమె కాళ్ళ మీద పడబోయాను. ఆమె వెనక్కి జరిగింది.

"నాకెందుకు సెప్తావు? నాకు తెలిసిందే కదా. తెలీనోళ్ళు అక్కడ కూకున్నారు" అని పందిరి వైపు చూపించింది.

వెళ్ళాను. ఇస్తరాకుల ముందు అరవై డెబ్బై మంది కూర్చుని ఉన్నారు. ఆనాడు గెడ్డ దగ్గరున్నవాళ్ళు నలుగురైదుగురు మిగిలారు, తలలు నెరిసి. బంతి మధ్యలో నిలబడి మొదటి నుంచీ చివరి దాకా చెప్పాను. రాళ్ళు వేస్తారనుకున్నాను. ఆ పిల్ల మొగుడు లేచొచ్చి గొంతు పట్టుకుంటాడనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ ఘడియకే కదా నేను భయపడింది.

ఆ మొగుడు తలెత్తి చూసి, "పోనీలెండి పంతులుగారూ, ఎప్పటి మాట. కావాలని సేసినారేటి?" అన్నాడు. అవునవును అన్నారు పక్కవాళ్ళు. పాపం ముసలోడు, మంచోడు అన్నాడొకడు. కూర్చోండి పంతులుగారూ, అన్నం చల్లారిపోతోంది అని నాకూ ఒక ఇస్తరాకు వేశారు. వడ్డించేవాడు గరిటె కూడా ఆపలేదు.

ఆనాడు గెడ్డ దగ్గర చెప్పినా ఇంతే అయ్యేది. నాలుగు తిట్లు తిట్టి, పోనీలే, కావాలని చేశాడా అనేవాళ్ళు. మరుసటి శివరాత్రికి మావ మళ్ళీ మూట కట్టేవాడు.